చేసి చూడని ప్రయోగాన్ని అచ్చు వేయకండి: సైన్స్ పాఠ్యపుస్తకాల రూపకర్తలకు, ప్రాక్టికల్ పరీక్షల అధికారులకు బహిరంగ లేఖ

సైన్స్ పాఠ్యపుస్తకాల రచయితలకు, సంపాదకులకు, వాటిని ఆమోదించే అధికారులకు, ప్రాక్టికల్ పరీక్షలకు మార్కుల పద్ధతి నిర్ణయించేవారికి,

నమస్కారం.

బట్టీ చదువు తగ్గాలి, పిల్లలు చేత్తో చేసి నేర్చుకోవాలి అని మీరు ప్రతి పాఠంలోనూ కృత్యాలు చేర్చారు. మంచి పని. అందులో మాకు రెండో మాట లేదు. మా ఫిర్యాదల్లా వాటిలో చాలావాటిని ఎవరూ ఒక్కసారైనా చేసి చూడకుండా అచ్చుకు పంపుతున్నారని. ఈ సంగతిని పేజీ నంబర్లతో సహా ఇంతకుముందే రాసి పంపాం. 'అందింది' అన్న ఒక్క ముక్క తప్ప జవాబు లేదు. ఆ తర్వాత కొత్త ముద్రణ వచ్చింది. బొమ్మల రంగులు మారాయి, తప్పులు అలాగే ఉన్నాయి. అందుకే ఈసారి అందరి ముందూ రాస్తున్నాం.

తరగతిలో ప్రయోగం చేస్తే పుస్తకం చెప్పినట్టు రాదు. అప్పుడు పిల్లలకు రెండే దారులు. కంటికి కనిపించింది రాస్తే మార్కులు పోతాయి, పుస్తకంలో ఉన్నది ఎక్కిస్తే వస్తాయి. ఏ దారిన పోవాలో పదేళ్ల పిల్లకైనా వారం తిరక్కుండా అర్థమైపోతుంది.

కింద రాసినవన్నీ ఎవరైనా బల్ల మీద పెట్టి సరిచూసుకోగలిగినవే.

1. పళ్ళెంలో కొవ్వొత్తి

పళ్ళెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి వెలిగించి, పైన గాజు గ్లాసు బోర్లించమంటారు. మంట ఆరుతుంది, గ్లాసులోకి నీళ్లు ఎక్కుతాయి. ఇంతవరకూ నిజమే. "గాలిలో అయిదో వంతు ఉండే ఆక్సిజన్ ఖర్చయింది కాబట్టి నీళ్లు ఆ మేరకు ఎక్కాయి" అన్న తర్వాతి వాక్యం తప్పు. కొవ్వొత్తి గ్లాసులోని ఆక్సిజన్‌నంతా వాడుకోలేదు. 21 శాతం ఉన్నది 16 శాతం దగ్గరికి దిగేసరికే మంట ఆరిపోతుంది. ఖర్చయిన ఆ కాస్తకూ బదులుగా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. మైనం మండేటప్పుడు మూడు పాళ్ల ఆక్సిజన్ పోతే దాదాపు రెండు పాళ్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అది ఆ కొద్ది నిమిషాల్లో నీళ్లలో కరిగేది చాలా తక్కువ. లెక్క వేస్తే రసాయన చర్య వల్ల తగ్గే ఘనపరిమాణం నూటికి రెండు పాళ్ల లోపే. మిగతాదంతా వేడి చేసిన పని. గ్లాసు బోర్లించేటప్పుడే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, కొంత బయటికి పోతుంది. అంచు దగ్గర వచ్చే బుడగలు అవే. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి సంకోచిస్తే నీళ్లు పైకి వస్తాయి.

దీన్ని పసిగట్టడానికి పెద్ద పరికరాలు అక్కర్లేదు. మంట వెలుగుతున్నంతసేపూ నీళ్లు పెద్దగా కదలవు, ఆరిన వెంటనే గబగబా ఎక్కుతాయి. ఆక్సిజన్ ఖర్చవడమే కారణమైతే మండుతుండగానే మెల్లగా ఎక్కుతూ రావాలి కదా! అదే గ్లాసు కింద ఒకటికి బదులు మూడు కొవ్వొత్తులు పెడితే నీళ్లు ఇంకా పైకి వస్తాయి. కొవ్వొత్తులు పెరిగినంత మాత్రాన గ్లాసులో ఆక్సిజన్ పెరగదు. ఈ ప్రశ్న వేసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. పుస్తకాన్ని వెనకేసుకురావాల్సిన టీచరు ఏం చెప్పాలి?

గాలిలో ఆక్సిజన్ అయిదో వంతు అని నిజంగానే చూపాలంటే తుప్పుతో చూపవచ్చు. స్టీల్ ఊల్ అని పిలిచే సన్నని ఉక్కు పీచును వెనిగర్‌లో రెండు నిమిషాలు నానబెట్టండి, పైనున్న నూనె పూత పోతుంది. గట్టిగా విదిలించి, పీచును విడదీసి, 15 సెంటీమీటర్ల పరీక్షనాళిక అడుగున కూరి, నాళికను నీళ్ల బీకరులో బోర్లించండి. మర్నాటికి నీళ్లు 3 సెంటీమీటర్ల దాకా ఎక్కి అక్కడ ఆగుతాయి. కొలిచేముందు నాళికను కిందికి దించి లోపలి నీటిమట్టాన్ని బయటిదానితో సమం చేయాలి, లేకపోతే లెక్క కొంచెం తక్కువ వస్తుంది. ఈ ప్రయోగం మూడు చోట్ల చెడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ పీచు తుప్పు పట్టదు. సబ్బు పట్టించిన పీచు సరిగా పనిచేయదు. వెనిగర్ ఎక్కువ మిగిలిపోతే అది ఇనుముతో కలిసి హైడ్రోజన్ వదులుతుంది, నీళ్లు ఎక్కాల్సినంత ఎక్కవు. ఈ మూడు వాక్యాలకు పుస్తకంలో ఎంత చోటు పడుతుంది?

2. బెలూను, త్రాసు, మాయమైన గ్రాములు

మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఈ కృత్యం. ద్రవ్యనిత్యత్వ నియమం, అంటే రసాయన చర్యలో మొత్తం ద్రవ్యరాశి మారదన్న నియమం, చూపడానికి సీసాలో 100 మిల్లీలీటర్ల వెనిగర్ పోసి, బెలూనులో 5 గ్రాముల వంటసోడా వేసి, బెలూను మూతిని సీసాకు తొడిగి తూచమంటారు. తర్వాత సోడాను సీసాలోకి జార్చి, బెలూను ఉబ్బాక మళ్లీ తూచి, "బరువు మారలేదని గమనించారు కదా!" అని రాస్తారు.

మారుతుంది. అయిదు గ్రాముల సోడా నుంచి గది ఉష్ణోగ్రత దగ్గర సుమారు 1.4 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ద్రవంలో కరిగే కొంచెం పోను బెలూను 1.3 లీటర్ల మేర ఉబ్బుతుంది, అంటే అంత గాలిని పక్కకు నెడుతుంది. లీటరు గాలి బరువు దాదాపు 1.2 గ్రాములు. నీళ్లలో మునిగిన రాయి తేలికైనట్టే గాలిలో ఉబ్బిన బెలూను కూడా, తాను తొలగించిన గాలి బరువు మేరకు తేలికవుతుంది. పాత త్రాసుల మీద ఇది కనిపించేది కాదేమో. గ్రాములో పదో వంతు చూపే ఇప్పటి ఎలక్ట్రానిక్ త్రాసు మీద మాత్రం సుమారు 1.6 గ్రాముల తగ్గుదల స్పష్టంగా కనిపిస్తుంది. బెలూను మూతి దగ్గర వాయువు కారితే ఇంకా తగ్గుతుంది.

అంటే, ఏ నియమాన్ని రుజువు చేయాలో దాన్నే తప్పని చూపే ప్రయోగం పిల్లల చేతిలో పెట్టాం. ఉత్ప్లవన బలం (గాలి, నీరు వస్తువును పైకి నెట్టే బలం) ఇంకా చదవని తరగతిలో ఈ 1.6 గ్రాములకు కారణం ఎవరూ చెప్పలేరు. తరగతిలో సగం మంది త్రాసు పాడైందనుకుంటారు. మిగతా సగం రికార్డు పుస్తకంలో రెండు గడుల్లోనూ ఒకే అంకె వేస్తారు. పూర్తి మార్కులు ఈ రెండో సగానికే.

బాగు చేయడం సులభం. శీతల పానీయాల రెండు లీటర్ల సీసా తీసుకోండి. మామూలు నీళ్ల సీసా పలచన, అది వద్దు. సీసాలో 25 మిల్లీలీటర్ల వెనిగర్ పోయండి. ఒకే ఒక్క గ్రాము వంటసోడాను రెండు పొరల టిష్యూ కాగితంలో మడిచి మెలిపెట్టండి. సీసా, మూత, పొట్లం అన్నీ కలిపి ముందు తూచండి. పొట్లాన్ని లోపల పడేసి వెంటనే మూత బిగించండి. కాగితం తడిసేలోపు రెండు మూడు సెకన్ల వ్యవధి దొరుకుతుంది. బుడగలు ఆగాక తూస్తే అంకె మారదు. ఇప్పుడు మూత మెల్లగా వదులు చేయండి. బుస్సుమంటుంది. మళ్లీ తూస్తే 0.3 నుంచి 0.5 గ్రాముల వరకు తగ్గుతుంది. పోయిన వాయువుకు బరువుందని, మూత ఉన్నంతసేపూ అది లోపలే ఉందని పిల్లలు కళ్లారా చూస్తారు. గ్రాము సోడాకు రెండు లీటర్ల సీసాలో పీడనం వాతావరణ పీడనంలో ఏడో వంతు మాత్రమే పెరుగుతుంది, భయం లేదు. పాత కొలత ప్రకారం 5 గ్రాముల సోడా, 100 మిల్లీలీటర్ల వెనిగర్ అరలీటరు సీసాలో వేసి మూత బిగిస్తే మాత్రం లోపలి పీడనం వాతావరణ పీడనానికి దాదాపు నాలుగు రెట్లకు చేరుతుంది. కొలత అచ్చు వేయడం ఎందుకంత ముఖ్యమో ఇక్కడే తెలుస్తుంది. "కొంచెం సోడా వేయండి" అన్న వాక్యంలో ఆ "కొంచెం" ఎంత అన్నది పిల్లల ఇష్టానికే వదిలేశారు.

3. నిమ్మకాయ బ్యాటరీ

నిమ్మకాయలో రాగి తీగ, జింకు పూత మేకు గుచ్చి టార్చి బల్బు వెలుగుతున్నట్టు బొమ్మ వేశారు. వెలగదు, పది కాయలు పెట్టినా వెలగదు. ఒక్కో కాయ 0.9 వోల్టుల చొప్పున ఇస్తుంది గానీ విద్యుత్తు ఒక మిల్లీ ఆంపియర్ అటూ ఇటూ. టార్చి బల్బుకు 200 నుంచి 300 మిల్లీ ఆంపియర్లు కావాలి. నాలుగు కాయలను శ్రేణిలో కలిపి ఎర్ర ఎల్‌ఈడీ పెడితే చీకటి గదిలో సన్నగా వెలుగుతుంది. పొడవు కాలు రాగి వైపు ఉండాలి, తిరగేస్తే వెలగదు. రాగి, జింకు కాయ లోపల ఒకదానికొకటి తగిలితే ఏమీ రాదు. స్టెయిన్‌లెస్ స్టీల్ మేకు జింకుకు బదులు పనికిరాదు. "నిమ్మరసం నుంచి విద్యుత్తు వస్తుంది" అన్న వాక్యం కూడా తీసేయాలి. శక్తి వచ్చేది కరిగిపోయే జింకు నుంచి, రసం దారి మాత్రమే ఇస్తుంది. ఆ జింకు కాయలోకే దిగుతుంది కాబట్టి ప్రయోగం అయ్యాక దాన్ని పారేయాలి. ఈ హెచ్చరిక పుస్తకంలో ఎక్కడా లేదు.

4. కాగితం ముక్క, విమానం రెక్క

పెదవి కింద కాగితపు పట్టీ పట్టుకుని పైనుంచి ఊదితే అది లేస్తుంది. "వేగంగా కదిలే గాలిలో పీడనం తక్కువ, అందుకే" అని వివరణ. అలాంటప్పుడు పట్టీని నిట్టనిలువుగా వేలాడదీసి ఒక పక్కగా, సమాంతరంగా కిందికి ఊదితే కూడా ఆ వైపు లాగాలి. లాగదు. మొదటి సందర్భంలో వంగి ఉన్న కాగితాన్ని అంటుకుని గాలి తానూ వంగి కిందికి మళ్లుతుంది. గాలిని కిందికి మళ్లించినందుకు కాగితం పైకి లేస్తుంది. ఆ పక్కనే ఉన్న రెక్క బొమ్మ కింద మరో తప్పు ఉంది: రెక్క పైనుంచి పోయే గాలి, కిందనుంచి పోయే గాలి వెనక అంచుకు ఒకేసారి చేరాలట. అలా చేరాలన్న నియమం ఏదీ లేదు, చేరవు కూడా. పైగాలి ముందే చేరుతుంది. ఆ వివరణే నిజమైతే విమానాలు తలకిందులుగా ఎగరలేవు. విన్యాసాలు చేసే విమానాలు ఎగురుతూనే ఉన్నాయి.

5. మరి మూడు, క్లుప్తంగా

న్యూటన్ రంగుల చక్రం తిప్పితే తెల్లగా కనిపిస్తుందని రాశారు. రంగు కాగితాలతో చేస్తే బూడిదరంగే వస్తుంది, ఎందుకంటే ప్రతి రంగు ముక్కా దాని మీద పడిన వెలుగులో కొంత భాగాన్నే వెనక్కి పంపుతుంది.

ఓమ్ నియమం (వోల్టేజి పెరిగేకొద్దీ విద్యుత్తు అదే నిష్పత్తిలో పెరుగుతుందనేది) చూపడానికి ఫిలమెంటు బల్బు వాడి, గ్రాఫులో సరళరేఖ రావాలన్నారు. ఫిలమెంటు వేడెక్కేకొద్దీ దాని నిరోధం చాలా రెట్లు పెరుగుతుంది, కాబట్టి గీత వంగుతుంది. వంగిన గీతను స్కేలు పెట్టి సరిచేసిన రికార్డులు చూస్తే ఏడవాలో నవ్వాలో తెలియదు. రెసిస్టర్ వాడితే సరళరేఖ వస్తుంది.

ఉల్లిపొర సూక్ష్మదర్శినిలో చూసేటప్పుడు నల్లని మందపాటి అంచుతో గుండ్రంగా కనిపించేవి గాలి బుడగలు. కణాలని వాటినే గీసేవాళ్లు ఎందరో. పైన కప్పే పలచని గాజు ముక్కను (కవర్ స్లిప్) 45 డిగ్రీల వాలుగా ఒక అంచు ముందు ఆనించి మెల్లగా వదలాలని ఒక్క వాక్యం రాస్తే బుడగలు చాలావరకు ఉండవు.

6. లోలకం, 9.8 అనే శాపం

లోలకంతో గురుత్వ త్వరణం కొలవమనే ఈ కృత్యంలో తప్పు లేదు, తప్పు 9.8 రావాలనే మార్కుల్లో ఉంది. 25 సెంటీమీటర్ల లోలకం ఒక డోలనానికి దాదాపు సరిగ్గా ఒక సెకను తీసుకుంటుంది. చేత్తో స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకన్ల తేడా వస్తుంది. ఒక్క డోలనమే కొలిస్తే అది 20 శాతం తేడా. ఇరవై డోలనాలు కొలిచి ఇరవైతో భాగిస్తే ఒక శాతానికి దిగుతుంది. గురుత్వ త్వరణం లెక్కలో సమయానికి వర్గం ఉంది కాబట్టి ఆ తేడా రెండు శాతం అవుతుంది. అంటే 9.6 వచ్చినా 10.0 వచ్చినా బాగా చేసినట్టే. దారం పొడవును గుండు అడుగు వరకు కొలిస్తే ఒక తేడా, కొక్కెం వరకే కొలిస్తే మరో తేడా. గుండు మధ్య వరకు కొలవాలి. పక్కకు లాగే కోణం 10 డిగ్రీలు దాటకూడదు.

మరి ఏ పాఠశాల రికార్డులు తెరిచినా నలభై మందికీ 9.8 వస్తుంది. నలభై వేర్వేరు చేతులు, నలభై వేర్వేరు దారాలు, అయినా ఒకే అంకె! సమాధానం చూసుకుని వెనక్కి లెక్క కట్టి సమయాలు రాసిన రికార్డులవి. అలా ఎందుకు చేశారో మీ మార్కుల పట్టిక చూస్తే తెలుస్తుంది. ఫలితానికి మార్కులున్నాయి, ఆ ఫలితం 9.8కి దగ్గరుండాలన్న షరతూ ఉంది. కొలత ఎన్నిసార్లు తీసుకున్నారు, తేడాలు ఎంత వచ్చాయి, ఎందుకు వచ్చాయి అన్నదానికి ఒక్క మార్కూ లేదు.

7. ప్రాణాల మీదికి తెచ్చేవి

ఆకులో పిండిపదార్థం పరీక్షించే కృత్యంలో ఆల్కహాల్‌ను మంట మీద వేడి చేస్తున్న బొమ్మ ఇంకా ఉంది. ఆల్కహాల్ 78 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతుంది. దాని ఆవిరి గాలి కన్నా బరువు, బల్ల మీద పాకుతూ పోయి మంటను అందుకుంటుంది. మంట అసలు అక్కర్లేదు. వేరే చోట మరిగించిన నీళ్లను బీకరులో తెచ్చి పోసి, ఆకు, ఆల్కహాల్ ఉన్న నాళికను అందులో నిలబెడితే అయిదారు నిమిషాల్లో ఆకుపచ్చదనం దిగిపోతుంది. అంతకుముందు ఆకును ఒక నిమిషం నీళ్లలో ఉడికించకపోతే, పిండిపదార్థాన్ని నల్లగా మార్చి చూపే అయోడిన్ లోపలికి సరిగా పోదు. ఆల్కహాల్ నుంచి తీసిన ఆకు అప్పడంలా విరుగుతుంది, వేడినీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. మొక్కను ముందు ఒకటి రెండు రోజులు చీకట్లో ఉంచాలన్న సంగతి కొన్ని ముద్రణల్లో ఎగిరిపోయింది. అది లేకపోతే వెలుగు తగలకుండా కాగితంతో మూసి ఉంచిన ఆకు భాగం కూడా నల్లబడి, ప్రయోగానికి అర్థమే ఉండదు.

మిథనాల్ అనే ఒక రకం ఆల్కహాల్‌తో రంగు మంటలు చూపడం పూర్తిగా ఆపించాలి. 2014లో అమెరికాలో న్యూయార్క్, డెన్వర్ నగరాల తరగతి గదుల్లో మిథనాల్ మండించే ప్రదర్శనల వల్లే పిల్లలు తీవ్రంగా కాలిపోయారు. పగటి వెలుగులో మిథనాల్ మంట కనిపించదు. ఆరిందనుకుని సీసాతో మళ్లీ పోస్తే మంట సీసాలోకి పాకి ఎదుటివాళ్ల మీదికి చిమ్ముతుంది. స్పిరిట్ దీపాన్ని వెలుగుతుండగా నింపకూడదన్నదీ ఇందుకే. లోహ లవణపు ద్రావణంలో నానబెట్టిన చెక్క పుల్లను బర్నర్ మంటలో పెడితే అవే రంగులు కనిపిస్తాయి.

అమ్మోనియం డైక్రోమేట్ పొడిని వెలిగించి నిప్పులు చిమ్మించే 'అగ్నిపర్వతం' చూడముచ్చటగా ఉంటుంది. అందులోని క్రోమియం సమ్మేళనం కేన్సర్ కారకం, పైకి ఎగిరే పొడిలో కాలకుండా మిగిలినది కొంత ఉంటుంది. తీసేయండి. పాదరసం గురించి వేరే చెప్పాలా? పాదరసం వాడకాన్ని తగ్గించడానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందం 2017 ఆగస్టు 16న అమల్లోకి వచ్చింది. అయినా పాదరసపు ఉష్ణమాపకాన్ని చేతికివ్వమనే కృత్యాలు ఇంకా ఉన్నాయి.

సున్నపు తేటలోకి ఊపిరి ఊదమనే కృత్యం మంచిదే, ఉండనివ్వండి. కాకపోతే పిల్లలు ఊదబోయి పీలుస్తారు. గొట్టానికి మధ్యలో ఖాళీ సీసా ఒకటి అమర్చితే, పీల్చినా ద్రవం నోటిదాకా రాదు. రక్షణ కళ్లద్దాలు తప్పనిసరి, సున్నం కంటిని మాడ్చేస్తుంది. తడిసున్నమే (కాల్షియం హైడ్రాక్సైడ్) వాడాలని స్పష్టంగా రాయండి, పొడిసున్నంలో (కాల్షియం ఆక్సైడ్) నీళ్లు పోస్తే సలసల కాగి చిమ్ముతుంది. లీటరు నీళ్లలో రెండు గ్రాములకు మించి ఎటూ కరగదు కాబట్టి, ఒక చెంచా వేసి కుదిపి, రాత్రంతా తేరనిచ్చి, పై తేటను మూత బిగుతైన సీసాలోకి వంచుకోవాలి. మూత వదులుగా ఉంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌కే పైన తెట్టు కట్టి బలం తగ్గిపోతుంది. పాలలా మారాక కూడా ఊదుతూనే ఉంటే తెల్లదనం మళ్లీ పోతుంది. అది ప్రయోగం చెడిపోవడం కాదు, కార్బనేట్ బైకార్బనేట్‌గా మారి కరిగిపోవడం. ఈ ఒక్క వాక్యం లేక ఎందరు పిల్లలు "నాకు రాలేదు" అని గిన్నె పారబోశారో!

వీటి భారం మోసేది ఎవరు?

పుస్తకం రాసినవారు మాత్రం కాదు. తనిఖీకి వచ్చిన అధికారి ముందు బల్బు వెలగకపోతే మాటపడేది టీచరు. పడకుండా ఉండాలంటే నిమ్మకాయ వెనక పెన్సిల్ సెల్లు దాచాలి. అలా దాచేవాళ్లున్నారు, వాళ్లను తప్పుపట్టే మనసు మాకు లేదు. నలభై నిమిషాల పీరియడ్‌లో నలభై మందితో, కొలతలు లేని సూచనలతో ప్రయోగం చేయించాల్సింది వాళ్లే. "ఇంట్లో చేసి చూడండి" అని రాసిన కృత్యానికి కాపలా కాయాల్సింది తల్లిదండ్రులు, కాని ఏది ప్రమాదమో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. ల్యాబ్ సహాయకులు ఉన్నచోట వాళ్లు కాలిన చేతులతో సర్దుకుపోతున్నారు. లేనిచోట ఆ పని కూడా పిల్లలదే.

అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయేది త్రాసు మీద 1.6 గ్రాముల తగ్గుదల చూసి, అదే నిజాయితీగా రాసిన విద్యార్థి. ఆ అంకె మీద ఎర్ర సిరాతో గీత పడుతుంది. ఇదే తరగతిలో కూర్చున్నవాళ్లు రేపు ఆసుపత్రిలో రక్తపోటు కొలుస్తారు, నీళ్ల ట్యాంకులో క్లోరిన్ పరీక్షిస్తారు, వంతెన కాంక్రీటు దిమ్మను నలగ్గొట్టి బలం నమోదు చేస్తారు. అక్కడా 'రావాల్సిన అంకె' ఒకటి ఉంటుంది. రాకపోతే ఏం చేయాలో వాళ్లు బడిలోనే నేర్చుకుని వెళ్తున్నారు.

మేం కోరేవి

1. అచ్చుకు ముందు ప్రతి కృత్యాన్నీ, దాన్ని రాయని వ్యక్తి ఒకరు, పుస్తకంలో ఉన్న జాబితాలోని వస్తువులతోనే, పుస్తకంలో ఉన్న మాటలు మాత్రమే చదివి కనీసం మూడుసార్లు చేయాలి. మూడింట ఒక్కసారి కూడా రాకపోతే అచ్చు వేయకూడదు. చేసిన తేదీ, వచ్చిన ఫలితం దస్త్రంలో ఉండాలి, అడిగినవారికి చూపించాలి.

2. "కొంచెం", "తగినంత", "కొంతసేపు" అన్న మాటలు కృత్యాల్లో కనిపించకూడదు. గ్రాములు, మిల్లీలీటర్లు, నిమిషాలు రాయాలి. ఫలితాన్ని ఒకే అంకెగా కాక, ఎంత నుంచి ఎంత వరకు రావచ్చో చెప్పాలి.

3. ప్రతి కృత్యం చివర 'ఇలా రాకపోతే' అని రెండు మూడు వాక్యాలు చేర్చాలి. పైన మేం రాసినవి నమూనాకు సరిపోతాయి.

4. ప్రాక్టికల్ పరీక్షలో ఫలితం దగ్గరితనానికి మార్కులు ఎత్తేసి, వాటిని కొలతల నమోదుకు, పునరావృతానికి, తేడాకు కారణం చెప్పడానికి పంచాలి. కొట్టివేతలున్న పరిశీలనల పేజీకి మార్కులు తగ్గించకూడదు. అసలు ప్రయోగశాలలో నోటు పుస్తకం అలాగే ఉంటుంది.

5. పైన ఏడో అంశంలో చెప్పిన ప్రమాదకర కృత్యాలను తదుపరి ముద్రణ దాకా ఆగకుండా ఇప్పుడే ఒక ఉత్తర్వుతో ఆపించాలి. మిగతా తప్పులకు సవరణ పత్రం తయారుచేసి ప్రతి పాఠశాలకూ పంపాలి. అది టీచర్ల గదిలో గోడకు అంటించేలా ఒకే కాగితం మీద ఉంటే చాలు.

6. వారానికి ఒకసారైనా రెండు పీరియడ్లు కలిపి ప్రయోగాలకు ఇవ్వాలి. కళ్లద్దాలు, ఇసుక బకెట్టు, పారే నీటి కుళాయి లేని గదిలో మంట, ఆమ్లాల ప్రయోగాలు చేయించమని ఏ టీచరునూ ఒత్తిడి చేయకూడదు.

7. ఈ లేఖకు అంశాలవారీగా, ఏది ఒప్పుకుంటున్నారో ఏది ఒప్పుకోవడం లేదో, రాతపూర్వకంగా బదులివ్వాలి. మేం రాసినదాంట్లో తప్పుంటే చూపండి, మేమూ సవరించుకుంటాం.

ఒక చిన్న విన్నపం. మీ తదుపరి సమావేశం మొదలవ్వడానికి ముందు బల్ల మీద పళ్ళెంలో రెండు వేళ్ల లోతు నీళ్లు పోయించండి. ఒక కొవ్వొత్తి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లించి, నీళ్లు ఎంత ఎక్కాయో రబ్బరు బ్యాండుతో గుర్తు పెట్టండి. గ్లాసును పూర్తిగా చల్లారనిచ్చి, తుడిచి, ఈసారి మూడు కొవ్వొత్తులతో అదే చేయండి. మొత్తం పది నిమిషాల పని. రెండు గుర్తులూ ఒకే చోట పడితే ఈ లేఖను చెత్తబుట్టలో వేయండి.

ఇట్లు,
సైన్స్ ఉపాధ్యాయులు, ప్రయోగశాల సహాయకులు